పోర్ట్‌లాండ్ ఫారెస్ట్ పార్క్ మొక్కలు: స్థానికం ఏదో, బయటిది ఏదో గుర్తుపట్టి సరిగ్గా తొలగించే విధానం

ఆరెగాన్‌లో హిల్స్‌బరో, బీవర్టన్, బెథనీ వైపు ఉండే మనవాళ్ళకు ఫారెస్ట్ పార్క్ పక్కనే ఉన్న అడవి. విస్తీర్ణం 5,200 ఎకరాల దాకా. అక్కడ కలుపు తీసే స్వచ్ఛంద సేవకు వెళ్ళేవాళ్ళు, పెరటి కంచె మీదికి ఐవీ అనే బయటి తీగ పాకినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలు మూడు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఎలా తీయాలి.

సర్కారు తుమ్మనూ వయ్యారిభామనూ చూసి పెరిగినవాళ్ళకు బయటి మొక్క ఎంత పని చేయగలదో కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ చెప్పేదంతా పద్ధతి గురించే. ఈ పనిలో పెద్ద వంతు చూడటమే, పీకడం తర్వాతి మాట. తప్పు మొక్కను పీకితే ఆ ఖాళీలోకి ముందుగా వచ్చేది మళ్ళీ ఐవీయే.

## 1. ముందు తేల్చుకోవాల్సినవి

అనుమతి. పార్కులో మీ అంతట మీరు ఏ మొక్కనూ పీకకూడదు, కోయకూడదు. అది ఎంత చెడ్డ కలుపైనా సరే. నగర పార్కుల శాఖ గానీ ఫారెస్ట్ పార్క్ కన్సర్వెన్సీ గానీ నడిపే పని రోజుల్లో పేరు నమోదు చేసుకుని వెళ్ళండి. మీ పెరట్లో అయితే ఈ ఇబ్బంది లేదు, పద్ధతి మాత్రం అదే.

కాలం. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా వానలకు నేల మెత్తగా ఉంటుంది, వేరు తెగకుండా వస్తుంది. ఆగస్టులో నేల గట్టిపడుతుంది, లాగితే తీగ చేతికొచ్చి వేరు లోపలే ఉండిపోతుంది. ఏప్రిల్ మధ్య నుంచి జూలై చివరి దాకా పక్షులు గూళ్ళు పెట్టే కాలం. ఆ రోజుల్లో పొదలు నరికే పని పెట్టుకోవద్దు.

సరంజామా.

- మోచేతి దాకా వచ్చే తోలు గ్లవ్స్
- పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, పట్టున్న బూట్లు
- చేతి కత్తెర, పొడుగు పిడుల కత్తెర, మడత రంపం
- సన్నటి పార, లేదా ఒక వైపు గొడ్డలి అంచున్న గడ్డపలుగు
- ఐవీని బెరడు నుంచి ఊడదీయడానికి పెద్ద స్క్రూడ్రైవర్
- మందపాటి చెత్త సంచులు రెండు
- బూట్లకు బ్రష్

బ్రష్‌ను చిన్నచూపు చూడొద్దు. గార్లిక్ మస్టర్డ్ అనే కలుపు మొక్క విత్తనాలు బూటు అడుగు బురదలో కూర్చుని ఒక కాలిబాట నుంచి ఇంకో కాలిబాటకు వెళ్తాయి. పార్కులోకి వెళ్ళే ముందు, వచ్చేటప్పుడు రెండుసార్లూ దులపాలి.

## 2. కలుపు కంటే ముందు అడవి మొక్కలు నేర్చుకోండి

చాలామంది కలుపు మొక్కల జాబితాతో మొదలుపెడతారు. తిరగేసి చేయండి. ఉంచాల్సినవి కంటికి అలవాటైతే బయటివి వాటంతటవే తేడాగా కనిపిస్తాయి. ముందు ఈ ఐదు చాలు.

సోర్డ్ ఫెర్న్. ఏడాదంతా ముదురాకుపచ్చగా, గుబురుగా ఉండే పెద్ద ఫెర్న్. ఈనెకు అటూ ఇటూ ఉన్న చిన్న ఆకుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడండి. కాడకు అంటుకున్న మొదట్లో, పైవైపున, బొటనవేలులాంటి చిన్న ముక్క పొడుచుకు వచ్చి ఉంటుంది. అది కనిపిస్తే ఇక అనుమానం లేదు.

ఆరెగాన్ గ్రేప్. అంచుల్లో ముళ్ళున్న మెరిసే ఆకులు కరివేపాకు రెబ్బలాగా ఒకే కాడకు వరుసగా ఉంటాయి. వసంతంలో పసుపు పూలు, తర్వాత పైన బూడిద పూసినట్టుండే నీలి కాయలు.

ఇండియన్ ప్లమ్. ఫిబ్రవరిలో, మిగతా అడవి మోడుగా ఉండగానే చిగురించే పొద. ఆకు నలిపితే దోసకాయ వాసన.

ట్రిలియం. మూడు ఆకులు, మధ్యలో మూడు రేకుల తెల్ల పువ్వు, మార్చి, ఏప్రిల్ నెలల్లో. విత్తనం నుంచి పువ్వు దాకా ఏడేళ్ళో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఐవీ తివాచీ కింద ఇది తరచూ దాగి ఉంటుంది కాబట్టి మార్చిలో ఐవీ లాగేటప్పుడు చేత్తో తడుముతూ వెళ్ళాలి.

లికొరిస్ ఫెర్న్. బిగ్‌లీఫ్ మేపుల్ కాండం మీద నాచులో పెరిగే చిన్న ఫెర్న్. చెట్టు మీద ఉన్నదల్లా కలుపు అనుకుని ఐవీతో పాటు దీన్నీ గీకేస్తుంటారు. వదిలేయండి, చెట్టుకు దీనివల్ల హాని లేదు.

ఇంకో మాట. బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా అడవిని మింగేది కాదు. కాలిబాట అంచున కనిపించే డాండిలయన్, ప్లాంటెయిన్ (అరటి కాదు, నేలబారు కలుపు), క్లోవర్ కూడా బయటివే. వాటి మీద సమయం వృథా చేయకండి. ఆ గంట ఐవీకి ఇస్తే ఎంతో మేలు.

## 3. మొక్క ముందు నిలబడి చూసే వరుస

ఒక్క ఆకు చూసి నిర్ణయించొద్దు. కనీసం మూడు గుర్తులు కలవాలి. చూసే వరుస ఇది:

1. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి అటు ఒకటి ఇటుగా ఉన్నాయా?
2. కాడకు ఒక్కటే ఆకా, చిన్న ఆకుల దళమా? దళమైతే ఎన్ని?
3. ఆకు తిప్పి చూడండి: అడుగు పచ్చగా ఉందా, తెల్లగా ఉందా?
4. కాండం గుండ్రమా, పలకలుగా ఉందా? నూగు, మచ్చలు ఉన్నాయా?
5. వాసన చివర్లో చూడండి. అది కూడా విషపు మొక్క కాదని కింద ఎనిమిదో భాగం చదివి తేల్చుకున్నాకే.

ఫోటో తీస్తే నాలుగు తీయండి: మొక్క మొత్తం, ఆకు పైవైపు, అడుగు, కాండం. ఐనాచురలిస్ట్, సీక్ లాంటి యాప్‌లు తప్పు చెప్పేది ఎక్కువగా ఒక్క ఆకు ఫోటోనే ఇచ్చినప్పుడు. యాప్ చెప్పినదాన్ని పై గుర్తులతో సరిచూసుకోవాలి, అంతే తప్ప దాని మాట మీద పార దించకూడదు.

## 4. బాగా తడబడే జతలు

### బ్లాక్‌బెర్రీ

ఈ అడవిలో ముళ్ళున్న బెర్రీ తీగలన్నీ ఒకటి కావు. తీసేయాల్సింది హిమాలయన్ బ్లాక్‌బెర్రీ: బొటనవేలంత లావు కాండం, చేత్తో తడిమితే తెలిసే పలకలు, మొదట్లో వెడల్పైన గట్టి ముళ్ళు, ఆకు అడుగు బూడిద తెలుపు, సాధారణంగా ఐదాకుల దళం.

ఉంచాల్సింది ట్రైలింగ్ బ్లాక్‌బెర్రీ: నేల మీద పాకే సన్నటి గుండ్రటి తీగ, సన్నని ముళ్ళు, మూడాకుల దళం, ఆకు అడుగు కూడా పచ్చనే.

‘ఐదైతే పీకు, మూడైతే ఉంచు’ అనే లెక్క ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు. హిమాలయన్ కాండం రెండో ఏట పూలు పూసే కొమ్మల మీద మూడాకులే వేస్తుంది. అటు బ్లాక్‌క్యాప్ రాస్ప్‌బెర్రీ అనే స్థానిక మొక్క ఉంది, దాని ఆకు అడుగూ తెల్లనే, ముళ్ళూ వంకరే. కానీ కాండం గుండ్రం, మీద తెల్లటి నీలిపొడి. వేలితో రుద్దితే ఆ పొడి పోయి కింద రంగు బయటపడుతుంది. కాబట్టి ఆకుల లెక్క కన్నా ముందు కాండం చూడండి.

### హాలీ, ఆరెగాన్ గ్రేప్

రెండింటికీ ముళ్ళ ఆకులే. తీసేయాల్సిన హాలీకి కాడకు ఒక్కటే ఆకు, అంచులు అలల్లా లేచి ఉంటాయి, కాయలు ఎర్రన. ఆరెగాన్ గ్రేప్‌కు రెబ్బ, కాయలు నీలం. ఇంకా అనుమానముంటే కాండం తొక్క గోటితో కొద్దిగా గీరండి, లోపల చిక్కటి పసుపు ఉంటే అది ఆరెగాన్ గ్రేప్.

### గార్లిక్ మస్టర్డ్, ఫ్రింజ్‌కప్

మొదటి ఏట గార్లిక్ మస్టర్డ్ నేలకు అంటుకుని, గుండ్రటి గీతల ఆకులతో ఉంటుంది. స్థానికమైన ఫ్రింజ్‌కప్, పిగ్గీబ్యాక్ కూడా దాదాపు అలాగే కనిపిస్తాయి. తేడా నూగులో ఉంది. ఈ రెండు స్థానిక మొక్కల ఆకుల మీద, కాడల మీద వెంట్రుకల్లాంటి నూగు చేతికి తగులుతుంది. గార్లిక్ మస్టర్డ్ ఆకు దాదాపు నున్నన, నలిపితే వెల్లుల్లి వాసన.

ఇక్కడో చిక్కు ఉంది. ఒక మొక్కను నలిపాక ఆ వాసన వేళ్ళకు పట్టుకుంటుంది. ఆ తర్వాత ముట్టుకున్న ప్రతి ఆకూ వెల్లుల్లి లాగే అనిపిస్తుంది. అందుకే మొదటి మొక్కకు వాసన చూసి, మిగతావాటికి నూగుతో తేల్చుకోండి. రెండో ఏట ఏప్రిల్, మే నెలల్లో నిలువు కాండం మీద నాలుగు రేకుల తెల్ల పూలు వస్తాయి, అప్పుడు పొరపాటు పడటం కష్టం.

### హెర్బ్ రాబర్ట్, బ్లీడింగ్ హార్ట్

రెండింటి ఆకులూ చీలికలు చీలికలుగా ఉంటాయి. హెర్బ్ రాబర్ట్ కాడలు ఎర్రగా, నూగుతో, నలిపితే కాలిన రబ్బరు కంపు. స్థానికమైన బ్లీడింగ్ హార్ట్ ఆకు నీలం కలిసిన పచ్చ, నున్నన, ఆ కంపు ఉండదు.

## 5. చెట్టెక్కిన ఐవీని తీసే వరుస

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇది. నేల మీద పాకే ఐవీ కాయలు కాయదు. చెట్టెక్కి వెలుతురు తగిలాక దాని ఆకు మారుతుంది: కోణాల చీలికలు పోయి సాదా ఆకవుతుంది, పూస్తుంది, నల్లటి కాయలు వేస్తుంది. వాటిని పక్షులు తిని అడవంతా చల్లుతాయి. కాబట్టి సమయం తక్కువుంటే నేల వదిలేసి చెట్లు చూడండి.

1. పైకి చూడండి. ఎండు కొమ్మలు, వేలాడే తీగలు ఉన్న చెట్టు కింద పని మొదలుపెట్టొద్దు. గాలి వీచే రోజున అసలే వద్దు.
2. నడుము ఎత్తులో చుట్టూ కోయండి. సన్నటి తీగలకు కత్తెర, చేతి మణికట్టంత లావైనవాటికి రంపం. లావు తీగను ముందు స్క్రూడ్రైవర్‌తో కాస్త పైకి లేపి, బెరడుకు తగలకుండా రంపం ఆడించాలి. డగ్లస్ ఫర్ బెరడు మందం కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. రెడ్ ఆల్డర్, మేపుల్ బెరడు పల్చన, గాటు పడితే చెట్టుకే చేటు.
3. కోత నుంచి నేల దాకా ఉన్న తీగలన్నీ ఊడదీయండి. చెట్టు కాండం మొత్తం కనిపించాలి.
4. కోతకు పైనున్న ఐవీని లాగొద్దు. కొత్తవాళ్ళు తరచూ చేసే ప్రమాదకరమైన తప్పు ఇది. లాగితే ఎండుకొమ్మలు నెత్తిన పడతాయి. వదిలేస్తే అదే ఎండి, కాలక్రమాన రాలిపోతుంది.
5. మొదలు చుట్టూ ఆరడుగుల దూరం నేల మీది ఐవీ వేళ్ళతో సహా తీయండి. ఇది వదిలేస్తే రెండేళ్ళు తిరగకముందే మళ్ళీ ఎక్కుతుంది.

రెండు మూడు నెలలైనా పైనున్న ఆకు పచ్చగానే ఉందా? ఎక్కడో ఒక తీగ తెగలేదన్నమాట. బెరడు గాడిలో కూరుకుపోయిన సన్న తీగ, నాచు కింద దాగిన తీగ, లేదా పక్క చెట్టు కొమ్మ మీదుగా వచ్చిన తీగ. చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ, కోత గీత మీద వేలు ఆనించి తడుముతూ వెళ్ళండి. కంటికి దొరకనిది వేలికి దొరుకుతుంది.

నేల మీది ఐవీ పరుచుకున్నచోట ఒక అంచు నుంచి మొదలుపెట్టి, వేళ్ళు పీకుతూ ముందుకు దొర్లిస్తూ చాపలా చుట్టండి. సోర్డ్ ఫెర్న్ ఎదురైతే ఆగి, దాని చుట్టూ తీగలు కత్తెరతో కోసి, చాపను దాటించండి.

ఏటవాలులో అంతా ఒకేసారి బోసి చేయకండి. ఈ కొండల మీదున్నది గాలి మోసుకొచ్చిన సన్నటి మట్టి, వానకు జారుతుంది. వాలుకు అడ్డంగా పట్టీలుగా తీయండి, మధ్య పట్టీని మరుసటి ఏడాదికి ఉంచండి.

ఐవీ రసం కొందరికి దద్దుర్లు తెస్తుంది. చేతులు కప్పుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

## 6. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ: తీగ కాదు, మొదలు ముఖ్యం

పైన ఎంత నరికినా మొదలు మిగిలితే కొత్త కాండాలు వస్తాయి. కాబట్టి:

1. కాండాలను నేల నుంచి అడుగు ఎత్తున కోసి పక్కన పేర్చండి. ఆ అడుగు ముక్క మీకు పిడి, మొదలెక్కడుందో గుర్తు కూడా.
2. మొదలు చుట్టూ పారతో గుచ్చి, గుండ్రటి గడ్డలాంటి వేరుమూలం కదిలేదాకా తవ్వండి.
3. గడ్డ మొత్తం, దాంతో వచ్చినంత లావు వేరు బయటికి తీయండి.
4. పొద అంచులు వెతకండి. వంగిన కాండం కొస నేలను తాకినచోట వేరు వేసి పిల్ల మొక్క అయి ఉంటుంది. దాన్నీ తీయాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒకసారి మళ్ళీ చూడండి. చిగురొచ్చినచోట గడ్డ ముక్క మిగిలిందని అర్థం.

హాలీ కూడా ఇదే దారి: చిన్నవి తడి నేలలో చేత్తోనే వస్తాయి. పెద్దదాన్ని కోసి వదిలేస్తే మోడు చిగురిస్తుంది, నేలను తాకిన కొమ్మ వేరు వేస్తుంది. పార్కులో పెద్ద హాలీని సిబ్బందికి చూపించి వదిలేయండి.

## 7. గార్లిక్ మస్టర్డ్, హెర్బ్ రాబర్ట్

గార్లిక్ మస్టర్డ్‌ను కాయ గట్టిపడకముందే తీయాలి. కాండం పైన పట్టుకుంటే మొదట్లో పుటుక్కున తెగుతుంది, ఎందుకంటే వేరు నేల కిందే వంకర తిరిగి ఉంటుంది. రెండు వేళ్ళు నేలలోకి దించి, వేరు మెడ పట్టుకుని మెల్లగా పైకి తీయండి.

పూసిన మొక్కను పీకి అక్కడే పడేస్తే, ఆ పీకిన మొక్క మీదే విత్తనం తయారవుతుంది. సంచిలో మూతి బిగించి మామూలు చెత్తలోనే వేయాలి, కంపోస్టులో వద్దు. విత్తనం నేలలో ఐదేళ్ళు, అంతకు మించీ బతుకుతుంది కాబట్టి ఒకసారి తీసిన చోటికి ప్రతి వసంతం వెళ్ళాల్సిందే.

హెర్బ్ రాబర్ట్ వేరు పైపైనే ఉంటుంది, సులువు. కాయ పండితే విత్తనాన్ని దూరంగా ఎగరేస్తుంది కనుక పూత మీద ఉండగానే తీసేయండి.

## 8. చేయి వేయకూడనివి

- నాట్‌వీడ్. వెదురులా కణుపులున్న బోలు కాండం, వాగుల ఒడ్డున. కోయొద్దు, తవ్వొద్దు. అంగుళం లోపు ముక్క కూడా మళ్ళీ మొలుస్తుంది. ఫోటో, చోటు రాసుకుని ఆరెగాన్ ఇన్వేసివ్స్ హాట్‌లైన్‌కు తెలపండి.
- పాయిజన్ హెమ్‌లాక్. అడవి అంచుల్లో, రోడ్ల పక్కన. ఆకు కొత్తిమీరనూ క్యారెట్ ఆకునూ తలపిస్తుంది, కాండం నున్నగా, బోలుగా, ఊదా మచ్చలతో. ప్రాణాలు తీసే విషం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆకుకూరలు గిల్లే అలవాటుంటే ఈ ఒక్క మొక్కా ముందే చూపించండి.
- పాయిజన్ ఓక్. ఇది స్థానికమే. ఎండ తగిలే పొడి చోట్ల ఉంటుంది, మూడాకుల దళం, ముళ్ళు ఉండవు. మన జీడిమామిడి, నల్లజీడి కుటుంబం, ఒంటి మీద పడితే అలాగే పొక్కుతుంది. దీని నూనె బట్టలకు, కత్తెరకు కూడా అంటుకుంటుంది. వెంటనే సబ్బుతో కడగండి, కాల్చకండి.
- నెటిల్. స్థానికం, ఉంచాల్సిందే. ఎదురెదురు రంపపు ఆకులు, తగిలితే మంట.

వేసవి చివర్లో నేలలో కందిరీగల గూళ్ళు ఉంటాయి. ఒక రంధ్రం దగ్గర పురుగుల రాకపోకలు కనిపిస్తే ఆ చోటు వదిలి దూరం జరగండి.

## 9. తీసిన చెత్త ఏం చేయాలి

పార్కులో బృందం నడిపేవాళ్ళు చెప్పినట్టే. మామూలుగా ఐవీని, వేళ్ళు నేలకు తగలకుండా, కొమ్మల మీద కుప్పగా పేరుస్తారు. నేల మీద పరిచేస్తే ఆ తీగలే వేరు వేసుకుంటాయి. నాలుగైదు వారాలకు కుప్ప తిరగేస్తే అడుగున పట్టినవి కూడా ఎండుతాయి.

ఇంట్లో అయితే కాయలు లేని ఐవీ, బ్లాక్‌బెర్రీ కాండాలు పచ్చ చెత్త బండిలో వేయొచ్చేమో మీ చెత్త కంపెనీ నియమాలు చూసుకోండి. కాయలు, విత్తనాలు ఉన్నవి చెత్తలోకే.

## 10. ఖాళీ చేసిన చోట ఏం నాటాలి

పార్కులో నాటే పని సిబ్బందిది. పెరట్లో మాత్రం నేలను ఖాళీగా వదలొద్దు.

- నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య నాటండి.
- నీడలో సోర్డ్ ఫెర్న్, మొక్కకూ మొక్కకూ మూడడుగులు. కొంచెం వెలుతురున్నచోట స్నోబెర్రీ అనే స్థానిక పొద, ఇండియన్ ప్లమ్.
- చెక్కముక్కల మల్చ్ రెండు మూడు అంగుళాలు. కాండానికి తగలకుండా చుట్టూ వేలెడు ఖాళీ.
- మొదటి రెండు వేసవులు నీళ్ళు పోయాలి. ఇక్కడ జూలై నుంచి సెప్టెంబరు దాకా వాన దాదాపు ఉండదు.
- మొక్కలు నర్సరీలో కొనండి. పార్కు నుంచి తవ్వి తెచ్చుకోవడం చట్ట విరుద్ధం, పైగా అలా తెచ్చినవి తరచూ బతకవు.

నాటిన ఫెర్న్ మొదటి వేసవిలో గోధుమ రంగుకు తిరిగితే వెంటనే పీకేయకండి. నడిమి మొగ్గ వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది, ఎండిన ఆకులు అలాగే ఉంచి వారానికోసారి వేళ్ళ దాకా తడిసేలా నీళ్ళు పెట్టండి. మెత్తబడి నల్లగా ఉంటే మొక్కను లోతుగా పాతి ఉంటారు. ఈసారి నడిమి మొగ్గ నేల మట్టానికి పైనే ఉండేలా కొత్తది పెట్టండి.